వీధిలో పాడుపెట్టేసిన జాగాని అందరూ కూర్చునే చోటు చేసుకోవాలంటే: తిరుపతిలో మేం చేసిన పద్ధతి

కొండకి వచ్చే భక్తులకి అలిపిరి కాడ నీడ ఉంటుంది, కూర్చోను అరుగు ఉంటుంది. మనం ఉండే వీధుల్లో మటుకు పాలపాకెట్‌కి పోయిన అవ్వ మోకాళ్ళు పట్టుకుని నిలబడాల్సిందే. మా వీధి చివర్లో వాననీళ్ళ కాలవ పక్కన నాలుగు సెంట్ల ముక్క ఒకటి ఉండేది, అంటే ఇంచుమించు 190 గజాలు. ఒక మూల ట్రాన్స్‌ఫార్మర్, మిగతా అంతా కంపచెట్లు, వయ్యారిభామ, ఎవరో ఇల్లు పగలగొట్టి తెచ్చి పోసిన ఇటికముక్కలు, పైన చెత్త కవర్లు. ఇప్పుడు ఆడ సాయంత్రం నాలుగున్నర నుంచి మనుషులు ఉంటారు. ఒకటిన్నర సంవత్సరం పట్టింది. మీ వీధిలో కూడా ఇట్లాంటి ముక్క ఉంటుంది, అందుకే మేం ఏం చేసినామో, ఏం చేసి దెబ్బతిన్నామో మొత్తం రాస్తా ఉన్నా.

ముందే ఒక మాట చెప్పేస్తా, మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంటుంది. మొక్కలతో మొదలుపెట్టొద్దు. మేం మొదటిసారి అదే చేసినాం. ఒక ఆదివారం అరవై మొక్కలు తెచ్చి నాటినాం, ఫోటోలు తీసుకున్నాం, స్వీట్లు పంచుకున్నాం, ఎండాకాలం అయ్యేసరికి నాలుగు మిగిలినాయి, వాటి చుట్టూ మళ్ళా చెత్త. ఎందుకంటే ఆ జాగాలోకి మనిషి పోయే పనే లేదు, మనిషి పోని చోట మొక్కకి నీళ్ళు ఎవరు పోస్తారు, చెత్త వేసేవాడిని ఎవరు చూస్తారు. రెండోసారి మొక్క నాటకముందు ఒక బెంచీ వేసినాం, అప్పుడు నిలబడింది. మన పల్లెల్లో రచ్చబండ ఎట్లా పుట్టిందో చూడండి, వేపా రావీ కలిసి పెరిగిన చోట చుట్టూ రాతికట్ట కట్టినారు, మనుషులు కూర్చున్నారు, కూర్చునే మనుషులే ఆ చెట్టుని వందేళ్ళు కాపాడినారు.

ఇంగ పనిలోకి వస్తాం. మొట్టమొదట చేయాల్సింది ఏమీ చేయకుండా ఒక వారం చూడటం. ఒక నోట్‌బుక్ పెట్టుకుని తెల్లారి అయిదుకి, పదింటికి, సాయంత్రం నాలుగుకి, రాత్రి తొమ్మిదికి ఆ జాగా కాడికి పోయి పది నిమిషాలు నిలబడి కనపడింది రాసుకోండి. చెత్త ఎవరు వేస్తా ఉన్నారు, ఏ టైంకి, ఎటు నుంచి వస్తా ఉన్నారు. జనం అడ్డదారి యాడ తొక్కినారు, నేలమీద తెల్లగా కాలిబాట పడి ఉంటుంది, ఆ బాటని ఎప్పుడూ మూయొద్దు, రేపు మీరు వేసే దారి దాని మీదే రావాల. సాయంత్రం నాలుగుకి పక్కింటి నీడ ఎంతవరకు వస్తుంది, బెంచీ ఆడ పడాల. వాన పడినాక నీళ్ళు యాడ నిలబడతా ఉన్నాయి. రాత్రిపూట ఎవరు కూర్చుంటా ఉన్నారు, ఖాళీ సీసాలు ఏ మూల ఉన్నాయి.

మేం అనుకున్నది ఏమంటే బయటి ఏరియా వాళ్ళు బండ్లమీద వచ్చి చెత్త పారేసి పోతా ఉన్నారని. వారం చూస్తే తేలింది మా వీధిలోవాళ్ళే. అద్దెకి ఉండే పిల్లోళ్ళు, పొద్దున షిఫ్ట్‌కి పోయేవాళ్ళు, చెత్త బండి వచ్చే టైంకి ఇంట్లో ఉండరు, కవర్ మూడు రోజులు ఇంట్లో పెట్టుకోలేరు, చీకట్లో తెచ్చి ఈడ విసిరి పోతారు. వాళ్ళని తిట్టి ఏం లాభం లేదు. వీధిలో ఇద్దరు అక్కలు ముందుకొచ్చినారు, రాత్రి ఆ పిల్లోళ్ళు కవర్లు తడీ పొడీ వేరుచేసి ఈ అక్కల గేటు కాడ ఉండే రెండు డబ్బాల్లో వేసేటట్టు, పొద్దున బండికి అక్కలు ఎత్తేటట్టు. దాంతోనే ముప్పాతిక చెత్త ఆగిపోయింది. మీ కాడ కారణం వేరే ఉండొచ్చు, కర్రీ పాయింట్ అయి ఉండొచ్చు, చికెన్ అంగడి అయి ఉండొచ్చు, కారణం పట్టుకోకుండా శుభ్రం చేస్తే పదిరోజుల్లో మళ్ళా అదే పరిస్థితికి వస్తుంది.

రెండోది, జాగా ఎవరిదో కాగితం మీద తెలుసుకోవడం. ఇది విసుగొచ్చే పని కానీ దీన్ని దాటేసి పోతే మీరు పడిన కష్టమంతా ఒక్క రోజులో పోతుంది. "గవర్నమెంట్‌దేలే అబ్బా" అని అందరూ అంటారు, కానీ గవర్నమెంట్ అంటే ఒకటి కాదు. తిరుపతిలో ఒక ఖాళీ ముక్క కార్పొరేషన్‌ది కావచ్చు, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) వేసిన లేఅవుట్‌లో ఓపెన్ స్పేస్ కావచ్చు, రెవెన్యూ లెక్కలో వాగు పోరంబోకు కావచ్చు, టీటీడీది కావచ్చు, మఠం భూమి కావచ్చు, రైల్వేది కావచ్చు, లేకుంటే ఎప్పుడో కొనుక్కుని బెంగళూరులోనో అమెరికాలోనో ఉండే ఒక ప్రైవేటు మనిషిది కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో ఆఫీసు. మొదట మీ వార్డు సచివాలయానికి పోండి, ప్లానింగ్ చూసే సెక్రటరీ ఒకరు ఉంటారు, శానిటేషన్‌కి ఒకరు, రోడ్లూ లైట్లూ నీళ్ళు చూసే అమెనిటీస్ సెక్రటరీ ఒకరు, ఈ ముగ్గురితో మీకు చివరిదాకా పని ఉంటుంది, మంచిగా పరిచయం పెట్టుకోండి. ప్లానింగ్ సెక్రటరీని సర్వే నంబర్ అడగండి. ఆ నంబర్ దొరికితే మీభూమి అనే గవర్నమెంట్ భూరికార్డుల వెబ్‌సైట్‌లో చూడొచ్చు, రిజిస్ట్రేషన్ వాళ్ళ 22ఏ జాబితాలో ఉందో లేదో కూడా చూడొచ్చు, ఉంటే అది అమ్మకానికి, కొనుగోలుకి కుదరని భూమి అని మొదటి గుర్తు.

అడిగినా ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 2005 నుంచి ఉంది, మనమే వాడుకోము. కార్పొరేషన్ స్థాయి ఆఫీసుకి ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాల. "ఈ జాగా ఎవరిది" అని ఒక్క లైన్ రాస్తే "మా దగ్గర సమాచారం లేదు" అని ఒక్క లైన్ వస్తుంది, కాబట్టి కాగితాలు అడగండి. మేం ఇట్లా రాసినాం: "ఫలానా వీధి, ఫలానా డోర్ నంబర్‌కి తూర్పున ఉన్న ఖాళీ స్థలం సర్వే నంబర్, విస్తీర్ణం, రికార్డుల్లో దాని వర్గీకరణ తెలిపే పత్రాల నకళ్ళు ఇవ్వగలరు. ఆ స్థలం ఆమోదించిన లేఅవుట్‌లో భాగమైతే ఆ లేఅవుట్ ప్లాన్ నకలు ఇవ్వగలరు. ఆ స్థలాన్ని ఎవరికైనా కేటాయించి ఉంటే ఆ ఉత్తర్వు నకలు ఇవ్వగలరు." జవాబు ఏది వచ్చినా ఫైల్‌లో పెట్టుకోండి, "మా పరిధి కాదు" అనే జవాబు కూడా ఒక ఆధారమే, అది చూపించే తర్వాతి ఆఫీసుకి పోయినాం మేము. ఒక ఆఫీసులో అయితే మా అర్జీ రెండుసార్లు కనపడకుండా పోయింది, మూడోసారి ఇచ్చినప్పుడు మా కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకునే దాకా ఆడనుంచి కదల్లేదు. ఏ కాగితం ఇచ్చినా ఇంకో కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

లేఅవుట్ కాలనీల్లో ఉండేవాళ్ళకి ఇంకో బలం ఉంది. లేఅవుట్ వేసినప్పుడు మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఓపెన్ స్పేస్‌గా వదలాలని మన రాష్ట్రం రూల్స్‌లో ఉంది, అది ప్లాట్లు కొన్న అందరికోసం వదిలిన జాగా, మళ్ళా ప్లాటు చేసి అమ్మేదానికి కాదు. పార్కుకని వదిలిన జాగాని వేరేవాళ్ళకి ఇచ్చేస్తే కుదరదని సుప్రీం కోర్టు 1991లోనే చెప్పింది, బెంగళూరులో పార్కు స్థలాన్ని ఒక ట్రస్టుకి ప్రైవేటు ఆసుపత్రి కట్టుకోను ఇస్తే కాలనీవాళ్ళు కోర్టుకి పోయి గెలిచినారు. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తీసేయాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. ఇవి గుర్తుపెట్టుకోండి, కొట్లాటకి కాదు, ఎవరైనా "మీకేం హక్కు ఉంది" అన్నప్పుడు నిదానంగా చెప్పేదానికి.

వాగు పోరంబోకు, కాలవ గట్టు అయితే ఒక జాగ్రత్త. దాని మీద గోడ కట్టొద్దు, కాంక్రీట్ పోయొద్దు, మట్టి తోలి ఎత్తు పెంచొద్దు. 2021 నవంబర్ వానలు మనం చూసినాం కదా, కొండమీద పడిన నీళ్ళు కపిలతీర్థం కాడ ఎట్లా దూకినాయో, రోడ్లు ఎట్లా ఏర్లు అయిపోయినాయో. కొండ కింద ఉండే ఊరు మనది, నీళ్ళు పోయే దారిలో ఏది అడ్డం పెట్టినా అది పక్కవీధి ఇళ్ళల్లోకి పోతుంది. మేం అందుకే ఆ జాగాని రోడ్డు కన్నా అర అడుగు పల్లంగానే ఉంచినాం. గట్టి వాన వస్తే నీళ్ళు అందులోకి వచ్చి నిలబడి కొంచెం ఇంకి, మిగతాది కాలవలోకి పోతుంది. బెంచీలు మటుకు గట్టున.

ప్రైవేటు మనిషి ప్లాటు అయితే భయపడొద్దు, వదిలేయొద్దు. ఫోన్ చేసి మాట్లాడండి. శుభ్రంగా ఉంచుతాం, గోడలు కట్టం, శాశ్వతమైంది ఏదీ పెట్టం, మీరు ఇల్లు కట్టుకునేటప్పుడు మూడు నెలల ముందు చెప్తే ఖాళీ చేస్తాం అని ఒక కాగితం రాసి సంతకాలు పెట్టుకోండి. శానామంది ఒప్పుకుంటారు, వాళ్ళకి కూడా కబ్జా భయం ఉంటుంది. న్యూయార్క్‌లో 1973లో పాడుబడిన ఒక ఖాళీ స్థలాన్ని జనం తోట చేసుకుంటే, మరుసటి సంవత్సరం ఆ నగరం వాళ్ళకి నెలకి ఒక్క డాలర్ అద్దెకి ఇచ్చింది, లిజ్ క్రిస్టీ అనే ఆమె మొదలుపెట్టింది, ఆ తోట ఇప్పటికీ ఉంది. అంటే హక్కు మొత్తం చేతికి వచ్చినాకే మొదలుపెట్టాలని లేదు, ఒప్పందం స్పష్టంగా ఉంటే చాలు.

పర్మిషన్ లెటర్ చిన్నదిగా రాయండి. కమిషనర్ గారికి, సర్వే నంబర్, ఎన్ని గజాలు, ఇప్పుడు ఎట్లా ఉంది, రెండు ఫోటోలు, మేం ఏం చేస్తాం, మీ నుంచి ఏం కావాల. "స్థలంపై మాకు ఎటువంటి హక్కు కోరము, యాజమాన్యం కార్పొరేషన్‌దే" అనే లైన్ తప్పకుండా రాయండి, ఆ లైన్ చూసినాకే సంతకం పెట్టే వాళ్ళకి ధైర్యం వస్తుంది. అడిగేది కూడా వాళ్ళు చేయగలిగింది అడగండి. మేం మూడే అడిగినాం, డెబ్రిస్ (ఇల్లు పగలగొట్టిన చెత్త) ఎత్తను బండి, ఒక నీళ్ళ కనెక్షన్, ఒక వీధి లైటు. కింద ఇంటికొక సంతకం. కార్పొరేటర్ ఉంటే ఆయనకి ఒక కాపీ. జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ఆడ ఇస్తే నంబర్ వస్తుంది, ఆ నంబర్ పట్టుకుని అడగొచ్చు.

ఈ కాగితాలు తిరిగే లోపల ఇళ్ళకి పోయి మాట్లాడాల. ఇది నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకుంటా. "కమిటీ మీటింగ్ ఉంది రండి" అంటే ఎప్పుడూ వచ్చే ఆరుగురే వస్తారు. ఇంటి అరుగు మీద కూర్చుని "వదినా, ఈడ ఏముంటే మీరు వస్తారు" అని అడగండి. మా వీధిలో ఆడవాళ్ళు పార్కు అడగలేదు, లైటు అడిగినారు, ఎవరూ తొంగిచూడని చోట కూర్చోనుండే జాగా అడిగినారు. పెద్దాయనలు ఆనుకునే వీపు ఉండే బెంచీ అడిగినారు. పిల్లోళ్ళు గోడ అడిగినారు, బాల్ కొట్టుకోను. ఆటో అన్నలు మధ్యాహ్నం నీడ అడిగినారు. కారు పెట్టుకునే ఆయన ఒకాయన గట్టిగా అడ్డం తిరిగినాడు, ఆయనకి ఒక పక్క రెండు బండ్ల జాగా వదిలినాం, రాళ్ళు నాటి హద్దు పెట్టినాం, ఇప్పుడు నీళ్ళు పోసే వాళ్ళల్లో ఆయన కూడా ఉన్నాడు. ఆవులు కట్టేసుకునే అవ్వని పొమ్మనొద్దు, ఆ ఆవుల పేడే మనకి ఎరువు.

శుభ్రం చేసే రోజు. ఎండ రాకముందే, అయిదున్నరకి మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేయాల, మార్చి దాటితే ఇంకా ముందే. గడ్డపారలు నాలుగు, పారలు, తట్టలు, కొడవళ్ళు, గొడ్డలి, లావుపాటి గ్లవుజులు, కాళ్ళకి బూట్లు. చెప్పులతో ఎవర్నీ రానియ్యొద్దు. ఇటికముక్కల కుప్పలో చెయ్యి పెట్టొద్దు, ముందు పొడుగు కర్రతో కదిలించాల, పాములు, తేళ్ళు ఉంటాయి. సీసా పెంకులు, సూదులు ఉంటే చీపురుతో గట్టి డబ్బాలోకి ఎత్తి, శానిటేషన్ వాళ్ళకి విడిగా చెప్పి ఇవ్వాల. ప్లాస్టిక్ కాల్చొద్దు, ఆ పొగ మన ఇళ్ళలోకే వస్తుంది.

వయ్యారిభామ గురించి విడిగా చెప్పాల. తెల్ల పూత రాకముందే పీకేయాల, పూత వచ్చినాక పీకితే గింజలు రాలి మళ్ళా ఏడాది అంతకంత వస్తుంది. చేతికి తగిలితే శానామందికి దురద, దద్దుర్లు, దాని పుప్పొడికి ఆయాసం కూడా, కాబట్టి ఉబ్బసం ఉండేవాళ్ళు ఆ రోజు టీ పని చూసుకోవాల. వాన పడిన మరుసటి రోజు అయితే వేరుతో సహా వస్తుంది. కంపచెట్టు ఇంకా మొండిది, కొట్టేస్తే మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయి, మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి వేరు మొద్దుతో తీయాల. మాకు అది గడ్డపారతో కాలేదు, జేసీబీ పిలిచినాం, మూడు గంటల్లో అయిపోయింది. కొట్టిన కంప పారేయొద్దు, రేపు మొక్కల చుట్టూ ముళ్ళకంచెకి అదే పనికొస్తుంది. వేపా కానుగా లాంటి పెద్ద చెట్టు ఏదైనా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, చెట్టు కొట్టాలంటే నీళ్ళనీ చెట్లనీ కాపాడే వాల్టా చట్టం కింద పర్మిషన్ కావాల, అయినా ఉన్న నీడని కొట్టి కొత్త నీడ కోసం పదేళ్ళు ఎదురుచూడటం ఎందుకు. డెబ్రిస్ కూడా అంతా తోలేయొద్దు, ఇటికముక్కలు దారి కింద పరిచేదానికి వాడుకోండి, ఆరు అంగుళాల ముక్కలు పరిచి దిమ్మిస కొట్టి పైన క్వారీ డస్ట్ వేస్తే మంచి నడక దారి అవుతుంది, నీళ్ళు ఇంకుతాయి.

శుభ్రం చేసిన రోజే, మాపటికి, ఆడ ఒక బెంచీ పడాల. మరుసటి ఆదివారం వేస్తాం అంటే మంగళవారానికి కవర్లు వచ్చేస్తాయి. రాత్రికి రాత్రి ఆ జాగా మారిపోయిందని చూసేవాళ్ళకి తెలియాల. మా ఆడవాళ్ళు చెత్త పడే చోటే నీళ్ళు చల్లి పెద్ద చుక్కల ముగ్గు వేసినారు, నలభై రోజులు వదలకుండా రోజూ వేసినారు. ముగ్గు మీద కవర్ విసరను మన ఊర్లో ఎవరికీ చెయ్యి రాదు. కొంతమంది గోడకి దేవుడి బొమ్మల టైల్స్ అతికిస్తారు, అది నాకు నచ్చదు, దేవుణ్ణి చెత్తకి కాపలా పెట్టడం బాధగా ఉంటుంది, పైగా ఆ బొమ్మల కిందే మళ్ళా చెత్త పడితే ఇంకా అన్యాయం.

బెంచీ ఇనుముది వద్దు, ఎండకి కాలిపోతుంది, తుప్పు పడుతుంది, రాత్రిపూట ఎత్తుకుపోతారు. మన పక్క కడప రాయి దొరుకుతుంది. ఆరడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, రెండు అంగుళాలకి తగ్గకుండా మందం ఉండే బండ, కింద మూడు రాతి కూసాలు, అడుగున్నర లోతు పాతి అడుగున్నర పైకి. మధ్యలో మూడో కూసం తప్పకుండా పెట్టండి, లేకుంటే పిల్లోళ్ళు ఎగిరితే బండ విరుగుతుంది, మాది ఒకటి విరిగింది. అంచులు రుద్దించండి, తొడలకి కోసుకుంటాయి. రెండు బెంచీలు ఎదురెదురుగా కాకుండా మూల మలుపులో వేస్తే మాట్లాడుకునే వాళ్ళకి బాగుంటుంది, మాట్లాడటం ఇష్టం లేని వాళ్ళకీ బాగుంటుంది.

ఒక బండ మీద పులిజూదం, అంటే పులీ మేకల ఆట గీతలు చెక్కించినాం. రాతిపనాయన అరపూటలో చెక్కి ఇచ్చినాడు. ఈ పక్క పాత గుళ్ళ మండపాల్లో బండల మీద అట్లాంటి గీతలు ఉంటాయి చూడండి. మొదటి వారం ఎవరూ రాలేదు, తర్వాత ఇద్దరు రిటైర్ అయినాయనలు గులకరాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు, వాళ్ళని చూడను ఇంకో నలుగురు నిలబడినారు, ఇంగ ఆ మూల ఖాళీగా ఉండటం నేను చూడలేదు. మొత్తం జాగాకి మేం పెట్టిన ఖర్చులో ఇంత పని చేసింది ఇంకోటి లేదు. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిదిదాకా పెద్దమనుషులు ఉంటే మందు బాటిళ్ళు వాటంతట అవే యాడికో పోయినాయి.

పిల్లోళ్ళకి రంగురంగుల ప్లాస్టిక్ సెట్లు కొనాలని అందరూ అంటారు. వద్దంటా నేను. మన ఎండకి రెండేళ్ళలో పగుళ్ళు వస్తాయి, ఇనప జారుడుబల్ల అయితే మే నెలలో తొడలు కాలతాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ అనే ఆర్కిటెక్ట్ 1947 నుంచి మొదలుపెట్టి మూడు దశాబ్దాల్లో ఏడొందలకి పైగా ఆటస్థలాలు చేసినాడు, ఇళ్ళు పోయి ఖాళీగా పడిన జాగాల్లో కూడా చేసినాడు. ఆయన వాడింది ఇసక గుంట, ఎక్కి దూకే రాతి దిమ్మెలు, వేలాడను ఇనప కడ్డీలు, అంతే. అది చదివినాక మేం ఒక లోడ్ ఇసక, ఎత్తుపల్లాలుగా పాతిన తొమ్మిది రాతి దిమ్మెలు పెట్టినాం. ఇసకని రాత్రి చిల్లులున్న టార్పాలిన్‌తో కప్పాల, కుక్కలు పాడుచేస్తాయి. పాత టైర్లు వాడేటట్టు ఉంటే కింద నాలుగు రంధ్రాలు కొట్టండి, లేకుంటే నీళ్ళు నిలబడి డెంగీ దోమలు.

లైటు విషయం. వెలుతురు ఒకటే పెద్దది ఎత్తుమీద పెడితే కింద చెట్టు నీడలు నల్లగా పడతాయి, రెండు చిన్నవి తక్కువ ఎత్తులో మేలు. ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాని చుట్టూ కంచె వేయమని కరెంటు వాళ్ళకి, అంటే ఎస్పీడీసీఎల్‌కి రాతపూర్వకంగా అడగండి, దాని కింద, పక్కన చెట్టు నాటొద్దు, మేం పది అడుగులు ఖాళీ వదిలినాం. కొండ కింద కాలనీల వాళ్ళు ఇంకోటి చూసుకోవాల, యూనివర్సిటీ వైపు చిరుత కనపడిందని వార్తలు వస్తానే ఉంటాయి, కాబట్టి గుబురు పొదలు పెంచొద్దు. మామూలు వీధిలో కూడా అదే లెక్క, పొద మోకాలు దాటకూడదు, చెట్టు కొమ్మ తలకన్నా పైన ఉండాల, మధ్యలో రోడ్డు మీద నుంచి చూపు ఆరపార పోవాల. అప్పుడే ఆడపిల్లలు చీకటి పడినాక కూడా ధైర్యంగా వస్తారు. ఒక టిఫిన్ బండి ఆవిడ అంచున పెట్టుకుంటా అంటే ఒప్పుకోండి, 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఆమెకి గుర్తింపు కార్డు ఇప్పించండి, రాత్రి పదిదాకా ఒక మనిషి కన్ను ఆ జాగా మీద ఉంటుంది.

ఇప్పుడు మొక్కలు. టైం ఆగస్టు, సెప్టెంబర్. మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య వానలు ఉంటాయి, ఆ మూడు నెలలు ఆకాశమే నీళ్ళు పోస్తుంది. జూన్‌లో నాటితే మధ్యలో ఎండ తగిలి వాడిపోతాయి. చిన్న మొక్కలు వద్దు, ఆవులు మేకలు వదలవు, అయిదారు అడుగుల మొక్క కావాల. గుంత రెండడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, డెబ్రిస్ నేల కాబట్టి ఆ ముక్కలు తీసేసి బయట నుంచి ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన దిబ్బెరువు ఒక పాలు, రెండు పిడికిళ్ళు వేపపిండి. పచ్చి పేడ వేయొద్దు, వేడికి వేరు చస్తుంది, చెదలు వస్తాయి. గాలివానకి పడకుండా వెదురు కర్ర కట్టాల, చుట్టూ ముందు దాచిన కంప.

ఏ చెట్టు అంటే నా ఓటు కానుగకి. మార్చి చివర్లో ఆకు రాల్చి, ఎండ ముదిరేసరికి కొత్తాకు తొడిగేస్తుంది. వేప, పొగడ కూడా మంచివి. నేరేడు పెట్టండి కానీ బెంచీ పైన వద్దు, కాయల సీజన్లో చీరలు పాడైపోతాయి. రావి, మర్రి కాలవగోడకి, ఇళ్ళకి దగ్గర్లో అస్సలు వద్దు, వేర్లు గోడ పగలగొడతాయి. గుల్‌మొహర్ పూతకి అందంగా ఉంటుంది, గాలికి కొమ్మలు విరిగి పడతాయి. కోనోకార్పస్ తొందరగా పెరుగుతుందని ఎవరైనా ఫ్రీగా ఇచ్చినా తీసుకోవద్దు, దాని పుప్పొడితో ఎలర్జీలు వస్తా ఉన్నాయని శానా చోట్ల తీసేస్తా ఉన్నారు. నాలుగు సెంట్లకి పెద్ద చెట్లు ఆరు చాలు. అంచులో నందివర్ధనం, గన్నేరు వేయొచ్చు, గన్నేరు పాలు విషం కాబట్టి పిల్లల ఇసక గుంట పక్కన వద్దు. పూజకి పూలు కోసుకుంటారని గొడవపడొద్దు, పూలకని వచ్చే అవ్వలే తెల్లారి ఆ జాగా చూసేవాళ్ళు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఇంటికి మూడొందలు, ఇష్టమున్నవాళ్ళు ఎక్కువ. ఒకరి ఫోన్‌పేకి వేయించుకున్నా, ఖర్చు పెట్టేటప్పుడు ఇద్దరు ఒప్పుకోవాల, ప్రతి బిల్లు ఫోటో వాట్సాప్ గ్రూపులో అదే రోజు. బెంచీల మీద దాతల పేర్లు రాయించొద్దు, పేరు ఉండే బెంచీ ఆ పేరుగల ఇంటిదైపోతుంది.

ఇంగ కొంచెం కష్టమైన సంగతి. జాగా బాగుపడిన ఆరు నెలలకి అందరి కళ్ళు పడతాయి. మొదట ఒక ఫ్లెక్సీ వస్తుంది, తర్వాత జెండా దిమ్మె, తర్వాత ఎవరో ఒక రాత్రి చిన్న విగ్రహం పెట్టి పసుపు కుంకుమ పూస్తారు. నేను వారం వారం గుడికి పోయే మనిషినే, అయినా దీనికి మొదటి రోజే వద్దని చెప్పాల, ఒకసారి పెట్టినాక తీయడం ఎవరివల్లా కాదు, ఆ జాగా అందరిదీ కాకుండా పోతుంది. రోడ్లు, పార్కులు, ఇట్లాంటి పబ్లిక్ జాగాల్లో కొత్తగా గుడి, మసీదు, చర్చి కట్టనివ్వొద్దని సుప్రీం కోర్టు 2009లో ఉత్తర్వు ఇచ్చింది, రోడ్ల మీద, పబ్లిక్ జాగాల్లో విగ్రహాల మీద 2013లో ఇంకోటి ఇచ్చింది. మేం ఈ రెండూ ఒక కాగితం మీద తెలుగులో రాసి, లామినేషన్ చేసి పెట్టుకున్నాం, వచ్చిన ప్రతి పార్టీ అన్నకీ "అన్నా, అందరికీ ఇదే మాట చెప్తా ఉన్నాం" అని ఒకే మర్యాదతో చూపించినాం. వినాయక చవితి మూడు రోజులు పందిరి వేసుకున్నాం, నాలుగో రోజు గుంజలు పీకేసి గుంతలు పూడ్చేసినాం. రంజాన్ నెలలో ఒక సాయంత్రం ఇఫ్తార్ పెట్టుకున్నారు, వాళ్ళూ అంతే.

నీళ్ళు. మొదటి రెండు ఎండాకాలాలు దాటితే చెట్టు మనది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఒక్కో చెట్టుకి వారానికి రెండుసార్లు, పదిహేను లీటర్లు, సాయంత్రం పూట. మొదలు చుట్టూ ఎండుటాకులు నాలుగు అంగుళాలు పరిస్తే తడి నిలుస్తుంది. ఊరికి పోయే ఇళ్ళు ఉంటాయి కాబట్టి చెట్టు పక్కన ఒక మట్టికుండ గొంతుదాకా పాతి, అడుగున చిన్న రంధ్రం చేసి గుడ్డ వత్తి పెట్టినాం, కుండ నింపితే నిదానంగా దిగుతుంది, పైన మూత పెట్టాల, దోమలకి. ఆర్వో మిషన్ వదిలే నీళ్ళు ఒట్టివి పోయొద్దు, ఉప్పు పేరుకుంటుంది, కనీసం సగం మంచినీళ్ళు కలపండి. ఏసీ నీళ్ళు బాగుంటాయి. ఇల్లుకొక చెట్టు అని పంచితే ఎవరూ చూడరు, మేం రోజుకి ఇద్దరు చొప్పున క్యాలెండర్ మీద పేర్లు రాసి ట్యాప్ తాళంచెవి చేతులు మార్చుకుంటాం. తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే ఆ రోజు చీపురు కూడా వాళ్ళదే.

అక్టోబర్ మొదటి వారం ఒక రోజు పెట్టుకుని కాలవలో పూడిక తీయించండి, సచివాలయంలో సెప్టెంబర్‌లోనే లెటర్ ఇస్తే బండి వస్తుంది. వెదురు కర్రల కట్లు ఆ రోజే చూసుకోవాల, చెట్టు లావయ్యేకొద్దీ తాడు బెరడులోకి దిగిపోతుంది, విప్పి వదులుగా మళ్ళా కట్టాల. కూసాల కింద మట్టి కోసుకుపోయిందేమో చూసి రాళ్ళు కూరండి. పులిజూదం గీతలు మావి అప్పుడే కొంచెం అరిగిపోయినాయి, ఈసారి రాతిపనాయన వచ్చినప్పుడు మళ్ళా లోతు చేయిస్తాం.